కుడి దిక్కు అవ్వ

అవ్వ పోయిందని ఫోనులో విన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "రోడ్డు మీదనా?" అన్నదే. అవతల మాట్లాడుతున్నది అవ్వ కోడలు. ఏడుస్తూనే, "కాదక్కా, మంచంలనే. పొద్దుగాల మొఖం కడుక్కొని ప్రార్థనకు కూసున్నది, గట్లనే ఒరిగింది" అని చెప్పింది. నేను పనిచేసే బడిలో, స్టాఫ్ రూము గోడకు ఆనుకుని, ముందు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

చదివే మీకు ఆ ప్రశ్న వింతగా, కాస్త మొరటుగా కూడా అనిపించవచ్చు. కానీ అవ్వ కొన్నాళ్లుగా ఇల్లు కదలడం లేదని తెలిసి కూడా, ఆ రోజు మా సంఘంలో కబురు విన్న ప్రతి ఒక్కరూ అదే అడిగారట. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే పెద్ద రోడ్డుకు ఇవతల మా ఇళ్లు, అవతల మా ప్రార్థన మందిరం. మందిరం అంటే రేకుల షెడ్డే. ముందు ఒక సిలువ, పక్కన నల్లా, చెప్పులు విడవడానికి ఒక బండ. మా డాబా మీద నిలబడితే కనిపిస్తుంది. కానీ మధ్యలో ఆ రోడ్డు ఉంది. వారమంతా దాని మీద చందనవెల్లి ఫ్యాక్టరీలకు పోయే లారీలు, వెంచర్లకు మట్టి మోసే టిప్పర్లు, మార్కెట్టుకు పరుగెత్తే కూరగాయల ఆటోలు. ఆదివారం వచ్చిందంటే వాటికి పట్నం కార్లు తోడవుతాయి. ఫాంహౌసులకు పోయేవాళ్లకు ఆ పొద్దునే తొందర, ఆరాధనకు పోయే మాకూ ఆ పొద్దునే తొందర. స్పీడు బ్రేకరు వేయమని అడిగితే రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చూద్దామన్నారు. వెడల్పు చేస్తే దాటాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది కదా.

అవ్వ మాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. ముడిమ్యాలలో పుట్టి, ఈ ఊరికి కోడలిగా వచ్చి, బతుకంతా ఇతరుల తోటల్లో టమాటాలు తెంపి, క్యారెట్లు కడిగింది. మేము కిరాయికి ఈ ఇంట్లో దిగిన రోజు గోడ మీది నుంచి ఒక గిన్నె అందించి, "చారు పోసిన బిడ్డ, ఉప్పు తక్కువైతే ఏసుకో" అన్నది. ఉప్పు తక్కువే ఉండింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇచ్చినా తక్కువే. మా ఆయన దాన్ని అవ్వ చప్పిడి చారు అని పిలిచేవాడు, మళ్లీ గిన్నె ఊడ్చేవాడు కూడా అతనే.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు ధైర్యవంతురాలు అని రాయడం మామూలు. మా అవ్వ గురించి అలా రాస్తే పైనుంచి చూసి నవ్వుతుంది. అంత పిరికి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఉరిమితే భయం, కుక్క మూలిగితే భయం, దవాఖానలో లిఫ్టు అంటే భయం. మా ఇంట్లో కుక్కరు కూత పెడితే గోడ అవతల ఆమె చేతిలో చేట జారిపడేది. చీకటైతే పెరట్లోకి వెళ్లడానికి కోడల్ని తోడు లేపేది. కోడలు విసుక్కునేది కానీ లేచేది.

దాచుకునే భయం కాదు ఆమెది. ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది కదా. ఒక్కొక్కరు లేచి, దేవుడు ఫలానా ఆపద తప్పించాడని, ఇప్పుడు మనసులో ఏ భయమూ లేదని చెప్పుకుంటారు. అవ్వ వంతు వస్తే కొంగు తల మీదికి లాక్కుని, "ఈ వారం కూడ భయమైంది. అయినా వచ్చిన. అందరికి వందనాలు" అని కూర్చునేది. పిల్లలు కిసుక్కుమనేవారు, పెద్దవాళ్లం కూడా తలలు దించుకుని నవ్వుకునేవాళ్లం. ఆమె ఏమీ అనుకునేది కాదు. ప్రతి ఆదివారం అదే సాక్ష్యం, అదే మాట.

ఇక ఆమెకు కుడి దిక్కు అవ్వ అనే పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. ఎవరి పక్కన కూర్చున్నా ఆమె కుడి దిక్కునే కూర్చునేది. ఎడమ పక్క ఎంత జాగా ఉన్నా సరే, అందరినీ జరుపుకుంటూ, మోకాళ్లు తొక్కుకుంటూ వెళ్లి కుడి పక్కకు చేరేది. జ్వరంతో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లినా, పురుటి నొప్పులు పడుతున్న పిల్ల దగ్గరికి వెళ్లినా అంతే. ఎదురింటి పటేలమ్మ మా సంఘం మనిషి కాదు, వాళ్లింట్లో పూజలూ వ్రతాలూ ఘనంగా జరుగుతాయి. ఆమె కొడుక్కి గుండె ఆపరేషన్ అయిన నాడు అవ్వ వెళ్లి ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద ఆమెకు కుడి పక్కన కూర్చుంది. లిఫ్టు ఎక్కలేక మెట్లన్నీ ఎక్కి వెళ్లిందట. పొద్దుగూకే దాకా ఒక్క మాట మాట్లాడలేదని, తన చేయి మాత్రం వదలలేదని పటేలమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఎందుకిలా అని నేనొకసారి అడిగాను. అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్నాం. "వాక్యంల ఉన్నది కద బిడ్డ. భయపడ, కుడి" అన్నది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నేను తెలుగు చెప్పే టీచర్ని. పాత పుస్తక భాషలో "భయపడకుడి" అంటే "మీరు భయపడకండి" అని అర్థం. అవ్వకు చదువు రాదు, ఆ మాటను చెవితో నేర్చుకుంది. వయసులో ఉన్నప్పుడు చెరువులో బాప్తిస్మం ఇచ్చారట. నీళ్లంటే ప్రాణం పోయేంత భయం. నడుము లోతు నీళ్లలో వణుకుతుంటే, బాప్తిస్మమిచ్చే అయ్యగారు ఆమె కుడి పక్కన నిలబడి, కుడి భుజం పట్టుకుని, ఆ మాట అన్నాడు. నీళ్ల చప్పుడులో ఆమెకు అది రెండు ముక్కలుగా వినిపించింది. భయపడ్డప్పుడు కుడి దిక్కు చూసుకో అని చెబుతున్నాడనుకుంది. చూసుకుంది. అక్కడ మనిషి ఉన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేక వ్యాకరణం మొత్తం విప్పి చెప్పాను. చేయకుడి అంటే చేయవద్దని, వెళ్లకుడి అంటే వెళ్లవద్దని. అవ్వ శ్రద్ధగా విన్నది. "మరి మరువకుడి అంటే ఏం చెబుతావు?" అని ఆటపట్టించాను. "మరిచిపోయినా కుడి దిక్కే సూడాలె" అన్నది వెంటనే, బోసి నోటితో నవ్వుతూ. తర్వాత చిక్కుడుకాయలు పక్కన పెట్టి, నిదానంగా, "ఇన్నేండ్లు ప్రభువు గక్కడనే ఉన్నడు బిడ్డ. ఇప్పుడు నువ్వు మాట మార్చినవని ఏడికి పోతడు?" అన్నది. మా మందిరం అయ్యగారికి ఈ సంగతి చెబితే, ఆయన కూడా నవ్వి, ఆ మాటను మాత్రం ఆమె దగ్గర దిద్దవద్దన్నాడు.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో మా ఆయనకు ప్రమాదం జరిగింది. ఆరాధన అయ్యాక నేను, మేము అమ్మగారు అని పిలిచే అయ్యగారి భార్యతో మాట్లాడుతూ ఆగిపోయాను. అతను ముందు బయలుదేరాడు, రోడ్డు దాటుతుండగా ఒక కారు తగిలింది. బ్రేకు చప్పుడు మందిరంలోకి వినిపించింది. ఆ చప్పుడు తర్వాత ఒక క్షణం మా షెడ్డులో అందరూ ఊపిరి బిగబట్టారు. అందులో నేనూ ఉన్నాను, ఎవరై ఉంటారా అని అందరితో పాటే చూశాను. నా మనిషే. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణం దక్కింది. ఇప్పుడు ఎడమ చేతిలో కర్రతో నడుస్తాడు.

దెబ్బ అతనికి తగిలింది, భయం నాకు పట్టుకుంది. అతను నాలుగడుగులు వేయగలిగిన మొదటి ఆదివారమే కర్రతో మందిరానికి బయలుదేరాడు. నేను రోడ్డు అంచు దాకా వెళ్లి నిలబడిపోయాను. ముందుకు అడుగు వేద్దామంటే ఒంట్లో రక్తమంతా కిందికి దిగిపోతుంది. చెవుల్లో ఆ బ్రేకు చప్పుడు. ప్రతి ఆదివారం అతను అవతలి ఒడ్డుకు చేరేదాకా కళ్లు మూసుకుని, చేరాక ఇంటికి తిరిగొచ్చేదాన్ని. బడి మా వైపే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఆదివారం మాత్రం డాబా ఎక్కి, రోడ్డు అవతలి నుంచి గాలికి తెగి తెగి వినిపించే పాటలు వింటూ బట్టలు ఆరేసేదాన్ని. మా ఆయన ఆటోలో వెళ్దామన్నాడు. ఆటో కూడా ఆ రోడ్డే ఎక్కాలి కదా. అమ్మగారు వచ్చి మా ఇంట్లో ప్రార్థన చేసింది. నాకు నిద్ర పట్టింది కానీ కాళ్లు కదలలేదు. ఇలాగే ఉంటే ఒకరోజు పాటలు కూడా వినబుద్ధి కాదేమో, చివరికి దేవుడు కూడా రోడ్డు అవతలే మిగిలిపోతాడేమో అని మరో భయం మొదలైంది. ఈ రెండో భయాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

అవ్వ ఓదార్చడానికి రాలేదు. ఒక ఆదివారం పొద్దున తలకు నూనె రాసుకుని, ఉతికిన తెల్లచీర కట్టుకుని, పిడికెడు బియ్యం డబ్బా చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. వంట వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి, వారానికి ఒకసారి మందిరంలో ఇవ్వడం మా ఆడవాళ్ల అలవాటు.

"ఒక్కదాన్ని దాటాలంటే నాకు భయమైతున్నది బిడ్డ. జర తోడు రా" అన్నది.

"నాకే భయం అవ్వా."

"గందుకే అడుగుతున్న. భయం లేనోళ్లు ఉరుకుతరు. నేను ఆళ్లతోని ఉరుకలేను."

చెప్పులు వేసుకున్నాను. రోడ్డు అంచున ఆమె నా వెనక నుంచి చుట్టి కుడి పక్కకు వచ్చి నా చేయి పట్టుకుంది. ఆ చేయి నీళ్లలో ముంచి తీసినట్టు చెమటతో తడిసి ఉంది. ఒక టిప్పరు పోయింది, ఒక బస్సు పోయింది. "ఇప్పుడు" అన్నది. నడిచాం. ఉరకలేదు, నడిచాం. అవతలి ఒడ్డున మట్టి మీద కాలు పెట్టగానే ఇద్దరం అక్కడే కూలబడ్డాం. బియ్యం డబ్బా మూత ఊడి కొన్ని గింజలు ఒలికాయి. ఆ రోజు సాక్ష్యంలో అవ్వ, "ఈ వారం ఇద్దరికి భయమైంది. ఇద్దరం వచ్చినం" అని చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు, మధ్యలో ఎవరింట్లోనైనా కూడిక ఉంటే దానికి, ఇద్దరం కలిసే దాటేవాళ్లం. భయం తగ్గిందని చెప్పను. ఏ వారమూ తగ్గలేదు. అవ్వ చేయి ప్రతిసారీ తడిసే ఉండేదని మా ఆయనకు చెప్పేదాన్ని. ఒక్కోసారి సగం దాకా వెళ్లి, దూరంగా లారీ కనిపిస్తే అక్కడే గడ్డకట్టి నిలబడేవాళ్లం. అలాంటప్పుడు అవ్వ ప్రార్థన మొదలుపెట్టేది, అందులో కోరిక ఏమీ ఉండేది కాదు. "భయమైతున్నది ప్రభువా, భయమైతున్నది" అని అంతే, ఒడ్డు చేరేదాకా.

ఒకరోజు మా ఆయన అవతలి ఒడ్డున నిలబడి మేము దాటడం చూశాడు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, "నువ్వు గమనించినవా? మనం దాటేటప్పుడు బండ్లు ముందుగాల కుడి దిక్కు నుంచే వస్తయి. అవ్వ నీకు అడ్డం నిలబడి నడుస్తున్నది" అన్నాడు. మరునాడే గోడ దగ్గర అవ్వను నిలదీశాను. ఆమెకు ఆ సంగతే తెలియదు. బండ్లు ఏ దిక్కు నుంచి వస్తాయో ఏనాడూ లెక్క చూడలేదట, కళ్లు సగం మూసుకునే దాటేదట. వాక్యంలో కుడి అన్నది కాబట్టి కుడి. నేను వేలితో గోడ మీద రోడ్డు గీసి చూపించాను. సగం దాకా కుడి నుంచి వస్తాయి, ఆ సగం దాటాక ఎడమ నుంచి వస్తాయి. ఆమె ఆ గీతను చాలాసేపు చూసి, "అయితే సగం తొవ్వ నీకు నేను అడ్డం, సగం తొవ్వ నాకు నువ్వు అడ్డం. మంచిగనే ఉన్నది" అని పొయ్యి మీద చారు మరుగుతోందని లోపలికి వెళ్లిపోయింది. తెలిశాక పక్క మార్చుకుంటుందేమో అనుకున్నాను. మార్చుకోలేదు.

మొన్నటి వానాకాలం నుంచి ఆమె ఒళ్లు తగ్గింది. ఆయాసం. చేవెళ్ల దవాఖానలో గుండె బలహీనంగా ఉందన్నారు. నాలుగడుగులకు ఒకసారి ఆగాల్సి వచ్చేది, రోడ్డు మధ్యలో ఆగడానికి వీల్లేదు కదా, అందుకని ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్కదాన్నీ దాటలేక ఆదివారాలు నేనూ ఆమె దగ్గరే కూర్చునేదాన్ని. అయ్యగారు వచ్చి, మందిరంలో అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం ఆమెకు ఇచ్చి వెళ్లేవాడు. ఒకసారి నేను కూడా ఉన్నాను. చావంటే భయంగా ఉందని ఆమె ఆయనతో మామూలుగానే చెప్పింది. విశ్వాసులకు ఆ భయం అక్కర్లేదని, వెళ్లేది మంచి చోటికేనని ఆయన మెల్లగా చెప్పాడు.

"జాగ మంచిదే అయ్యగారు. నాకు ఎరికే" అన్నది అవ్వ. "తొవ్వ తెల్వదు. గది భయం."

అయ్యగారు ఆమె పక్కన కూర్చుని, వెళ్లేటప్పుడు వంగి ఆమె చేతిని కళ్లకద్దుకున్నాడు. ఆయన వెళ్లాక ఆమె నన్ను చూసి, పోయే రోజు తనకు కుడి దిక్కున ఎవరుంటారని అడిగింది. నేనుంటానన్నాను. నేను కాకపోతే మరెవరు అనుకున్నాను.

కానీ ఆ రోజు నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఇంటికి పరుగున వచ్చేసరికి కోడలు ఆమెకు తెల్లచీర కట్టి పడుకోబెట్టింది. ఆ చిన్న గదిలో అవ్వ మంచం ఎప్పుడూ గోడకు ఆనుకునే ఉండేది. పడుకుంటే ఆమె కుడి పక్కన గోడే. ఆ రోజు మంచం గదికి నడిమధ్యలో ఉంది. శవాన్ని చూడటానికి వచ్చేవాళ్ల కోసం జరిపారేమో అనుకున్నాను. కోడలు కాదన్నది. నాలుగైదు రోజుల కిందట అత్తమ్మే పట్టుబట్టి జరిపించుకుందట. గోడకు, మంచానికి మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా. అక్కడ ఎవరూ ఏమీ పెట్టకూడదని, చివరికి నీళ్ల చెంబు కూడా ఎడమ పక్కనే పెట్టమని చెప్పిందట. నేను ఆ సందులోకి వెళ్లి కూర్చుందామనుకున్నాను. ఎందుకో వెళ్లలేకపోయాను. ఎడమ పక్కనే కింద కూర్చుని ఏడ్చాను.

సమాధుల తోట కూడా రోడ్డు అవతలే. పెట్టెను మోసుకుని వెళ్తుంటే సంఘంలోని మగవాళ్లు రెండు వైపులా చేతులు అడ్డం పెట్టి బండ్లను ఆపారు. పటేలమ్మ కొడుకు కూడా వాళ్లలో ఉన్నాడు. లారీలు ఆగాయి, కార్లు ఆగాయి, ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు. ఆ రోజు మాకు భయం వేయలేదు, ఎవరూ ఎవరి చేయీ పట్టుకోలేదు.

వచ్చిన ఆదివారం మళ్లీ ఎప్పటి రోడ్డే. మందిరంలో పాట మొదలైంది. నేను పిడికెడు బియ్యం డబ్బాతో అంచున నిలబడ్డాను, నా డబ్బాతో పాటు కోడలు పంపిన అవ్వ డబ్బా కూడా ఉంది. మా ఆయన కర్ర టకటకలాడించుకుంటూ నా పక్కన నిలబడ్డాడు. టిప్పర్లు పోతున్నాయి, వాటి గాలికి నా చీర అంచు ఎగురుతోంది. కాళ్లలో మళ్లీ అదే మొదలైంది. తిరిగి వెళ్లిపోదామని నోటి దాకా వచ్చింది. అతనికి అర్థమైనట్టుంది. మాట్లాడకుండా నా వెనక నుంచి చుట్టి వచ్చి కుడి పక్కన నిలబడ్డాడు.

"అవ్వ జాగల నేనుంట. నడువు" అన్నాడు.

అటు చూశాను. ఆ కుంటి కాలు, ఆ కర్ర, వాటి వెనక దూరంగా మలుపు తిరుగుతున్న లారీ. బ్రేకు చప్పుడు మళ్లీ చెవుల్లో మోగింది. ఆ దిక్కున అతన్ని నిలబెట్టి నేను ఒక్క అడుగు కూడా వేయలేను. రెండు డబ్బాలను చంకలోకి నెట్టుకుని, అతని వెనక నుంచి చుట్టి అతనికి కుడి పక్కకు వెళ్లి చేయి పట్టుకున్నాను. లారీ పోయింది. "ఇప్పుడు" అన్నాను. నడిచాం, అతని కాలు నడిచినంత నిదానంగా. నా పెదాలు కదులుతున్నాయని, భయమైతున్నది ప్రభువా అంటున్నానని నాకు రోడ్డు మధ్యలో తెలిసింది. అక్కడి నుంచి బండ్లు ఎడమ నుంచి వస్తాయి. అతను కర్రను కొంచెం ముందుకు చాపి, నాకు అడ్డంగా నడిచాడు.

అవతలి మట్టి మీద కాలు పెట్టాక అతను ఆగాడు. నా చేయి వదలకుండా పైకెత్తి చూశాడు.

"నీ చెయ్యి మొత్తం తడిసిపోయింది" అన్నాడు. "అవ్వ చెయ్యి లెక్కనే."